పన్నెండు ఖాళీ కడుపులు

గురువారం పొద్దున ఏడుంబావుకి నేపర్‌విల్ స్టేషన్‌లో షికాగో రైలెక్కిన రూతు చేతిలో మూడు అట్టముక్కలున్నాయి. మొదటి దాని మీద వందనాలు, కుశల ప్రశ్నలు రాసుకుంది. రెండో దాని మీద అసలు పని. మూడో దాని మీద, వినేవాళ్లు బెదిరిపోయే సంగతి. రైలు దిగేలోగా మూడింటినీ కంఠతా పట్టాలి. ల్యాబ్‌కి వెళ్లగానే ఒకే ఒక్క ఫోన్ చేయాలి. ఆ రోజుకి ఆమె పెట్టుకున్న పని అంతే. ఒక్క ఫోన్‌కి ఇంత కసరత్తా అని మీకనిపిస్తే, మీరు రూతుని ఎరగరన్నమాట. నంబరు తిప్పి, అవతలివాళ్లు హలో అనగానే బెదిరి పెట్టేసిన సందర్భాలు ఆమెకి ఆ 1983లోనే నాలుగున్నాయి.

రూతుకి ఇరవై రెండేళ్లు. ఆరేళ్లప్పుడు అమ్మానాన్నలతో ఈ దేశం వచ్చింది. రెండేళ్ల కిందట నాన్న జోసఫ్ ఉద్యోగం టెక్సస్‌కి మారితే ఇల్లు ప్లేనోకి మారింది. రూతు చదువు పూర్తి చేయడానికి ఇక్కడే ఉండిపోయింది. చదువయ్యాక షికాగోలోని ఒక మెడికల్ కాలేజీలో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరింది. పొద్దున వెళ్లి గాజు గొట్టాల్లోని రక్తాన్ని యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పడం, పైకి తేలిన పసుపు నీటిని వేరే గొట్టాల్లోకి తీయడం, వాటికి నంబర్లు అంటించి ఫ్రీజర్‌లో పెట్టడం, సాయంత్రం రైలెక్కడం. ఏడాదిగా మనుషుల రక్తంతో బాగా పరిచయం ఏర్పడింది గానీ మనుషులతో ఏర్పడలేదు. ఒకరోజు సరదాకి లెక్కపెట్టుకుంది. కండక్టర్‌కి థాంక్యూ, గేటు దగ్గర గార్డుకి గుడ్ మార్నింగ్, అవీ ఇవీ కలిపి పొద్దుటి నుంచి పడుకునేదాకా నోటి వెంట వచ్చినవి తొమ్మిది మాటలు. అందులో రెండు, ఫ్రీజర్ తలుపు వేలి మీద పడినప్పుడు అన్నవి. లెక్కపెట్టేటప్పుడు నవ్వొచ్చింది. లెక్క తేలాక రాలేదు.

మెడికల్ స్కూల్లో చేరాలని ఆమె కోరిక. కిందటేడు మూడు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు, మూడు చోట్లా వద్దన్నారు. కాలేజీలో సలహాలిచ్చే ఆయన కారణం కూడా కనుక్కుని చెప్పాడు. మార్కులకేం ఢోకా లేదట. కానీ ఈ అమ్మాయిని ప్రశ్న అడిగితే దరఖాస్తు ఫారంతో మాట్లాడినట్టుందట. రేపు రోగి ముందు కూర్చుంటే ఏం మాట్లాడుతుందని వాళ్ల బెంగ. ఆ బెంగ రూతుకీ ఉంది.

బుధవారం సాయంత్రం, ఈసారి దరఖాస్తుకి సిఫారసు ఉత్తరం రాయాల్సిన ప్రొఫెసర్ డాక్టర్ బ్రాంట్ ఆమెని గదిలోకి పిలిచింది. బ్రాంట్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. ఆవిడ నవ్వడం ల్యాబ్‌లో ఎవరూ చూడలేదు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో తీపి తాగాక రక్తంలో చక్కెర ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో ఆవిడ లెక్క కడుతోంది. శనివారం రావలసిన పన్నెండు మంది నలభై దాటినవాళ్లు ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు మారిందని రాలేమన్నారు.

"నీ గొట్టాల గురించి నాలుగు పేజీలు రాయగలను," అంది బ్రాంట్ ఇంగ్లీషులో. "కానీ మెడికల్ స్కూల్‌వాళ్లు అడిగేది గొట్టాల గురించి కాదు. నువ్వు మనుషులతో ఎలా ఉంటావో నేను చూడలేదు. చూడంది రాయను. ఈ శనివారం పన్నెండు మందిని నువ్వు తీసుకురా. వాళ్లని నువ్వే చూసుకో. సోమవారం ఉత్తరం రాస్తాను."

ఉత్తరం బుధవారంలోగా చేరాలి. చేరకపోతే ఈ ఏడు కూడా పోయినట్టే. పన్నెండు మందికి ఫోన్ చేయడం రూతు వల్ల కాదు. అందుకని పన్నెండు మందికి చెప్పగల ఒక్క మనిషిని ఎంచుకుంది. ఆయన దైవాశీర్వాదం గారు, తెలుగు చర్చి సెక్రటరీ. బాపట్ల మనిషి, ఇక్కడ బాయిలర్ల కంపెనీలో ఇంజనీరు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో జరిగే తెలుగు ఆరాధనలో ఆయన గొంతు మైకు లేకుండానే పార్కింగ్ దాకా వినిపిస్తుంది. అదే ఆరాధనలో రూతు చివరి వరుసలో, కోట్లు తగిలించే చోటు పక్కన కూర్చుంటుంది. అక్కడైతే "సీటొచ్చిందా?" అని అడిగేవాళ్లు తక్కువ.

ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు చూసి నంబరు తిప్పింది.

"వందనాలు అంకుల్. నేను రూతుని."

"ఏ రూతమ్మా? మన చర్చిలో ముగ్గురున్నారు."

"జోసఫ్‌గారి రూతు."

"ఓహో, ప్లేనో జోసఫ్ గారమ్మాయా! ఏమ్మా, సీటొచ్చిందా?"

కుశల ప్రశ్నల కార్డు చేతిలోంచి జారి కింద పడింది. రూతు నేరుగా రెండో కార్డుకి వెళ్లిపోయింది.

"ఇంకా లేదు అంకుల్. దాని కోసమే కాల్ చేశా. శనివారం మార్నింగ్ ఎయిట్‌కి మా ల్యాబ్‌కి పన్నెండు మంది రావాలి. ఫార్టీ దాటిన వాళ్లు. ఫ్రైడే డిన్నర్ తర్వాత ఏమీ తినకూడదు. వాటర్ తాగొచ్చు. అలా వస్తేనే మా ప్రొఫెసర్ లెటర్ రాస్తారు. లెటర్ లేకపోతే నాకు సీట్ రాదు."

 రూతు సూదులూ రక్తమూ రాసి ఉన్న మూడో కార్డు పైకి తీసింది.

"ఇంకొకటి చెప్పాలి అంకుల్. అక్కడికి వచ్చాక వాళ్లకి..."

"చాలమ్మా!" దైవాశీర్వాదం గారు మధ్యలోనే అందుకున్నాడు. "ఇంకేం చెప్పబాక. నాకంతా అర్థమైపోయింది. ఎప్పుడూ ఆ కోట్ల పక్కన మూగపిల్లలా కూర్చుంటే ఏంటో అనుకున్నాం. లోపల ఇంత విశ్వాసం ఉందని ఎవరికి తెలుసు? అడ్రస్ చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

ఫోన్ పెట్టేశాక రూతు మూడో కార్డు వంక కాసేపు చూసింది. మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. కానీ ఒకేరోజు రెండు ఫోన్లంటే ఆమె శక్తికి మించిన పని. వచ్చాక చెప్పొచ్చులే అనుకుంది. ఆమె చేసిన తప్పు ఇదొక్కటే. మిగతావన్నీ పెద్దవాళ్లు చేశారు.

దైవాశీర్వాదం గారిని తప్పుపట్టడానికి కూడా లేదు. పెద్దవాళ్లు కొందరు కలిసి, రాత్రి నుంచి తిండి మానేసి, ఒకరి సీటు కోసం పొద్దున్నే ఒకచోట చేరితే దాన్ని ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో ఉపవాస ప్రార్థన అంటారు. ఈ దేశంలోనూ అంతే. వీసాల కోసం, ఉద్యోగాల కోసం, ఆపరేషన్ల కోసం ఆ బేస్‌మెంట్‌లో ఎన్నో జరిగాయి. కానీ ఇరవై ఏళ్ల పిల్ల తనంతట తానే అడగడం ఆయన ఎన్నడూ చూడలేదు. అదీ లెక్కగా పన్నెండు మంది! యేసు శిష్యులెందరో అందరే. ఆఫీసు ఫోన్ దగ్గరే కళ్లు తుడుచుకుని, భార్య వసంతకుమారికి ఫోన్ చేశాడు.

వసంతకుమారి గారు మధ్యాహ్నానికల్లా పన్నెండు పేర్ల లిస్టు రాసింది. తగువు అక్కడ మొదలైంది. చర్చిలో నలభై దాటినవాళ్లు నలభై మందికి పైనే ఉన్నారు. లిస్టులో పేరు లేదంటే విశ్వాసం తక్కువైందని బోర్డు మీద రాసి పెట్టినట్టే. "మేమేం పాపం చేశామండీ?" అని ఒకావిడ ఫోన్. "మా ఆయన కన్నా ఆయన ఏ విషయంలో గొప్ప?" అని ఇంకొకావిడ. చీకటి పడేసరికి వసంతకుమారి గారు లిస్టు చింపేసి, అందరూ రావచ్చని చెప్పేసింది. ప్రార్థన అయ్యాక ప్రేమవిందు ఉండాలి కాబట్టి కోడి బిర్యానీ తన వంతు వేసుకుంది. పాయసం ఇంకొకరు, బజ్జీలు మరొకరు.

శుక్రవారానికి సంగతి ఇంకొంచెం పెరిగింది. ప్రార్థన ఎక్కడ అని అడిగితే మెడికల్ కాలేజీలో అన్నారు. మెడికల్ కాలేజీ అంటే ఆసుపత్రే. ఆసుపత్రిలో, అదీ ఇంతమంది ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నారంటే మంచం మీద ఎవరో ఉండాలి కదా. ఎవరు? రూతు. పాపం, ఎప్పుడు చూసినా నీరసంగానే ఉండేది. ఈ కబురు నాలుగు ఫోన్లు మారి మధ్యాహ్నానికి ప్లేనోలో రూతు తల్లి లూసీ చెవిన పడింది.

"రూతుకి ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగిందట హ్యూస్టన్ నుంచి ఎవరో. ఆ ఫోన్ పెట్టేసి లూసీ కూతురి గదికి ఆరుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ తీయలేదు. శనివారం తెల్లారి రైళ్లు సరిపడవని రూతు ఆ రాత్రికి ల్యాబ్ సోఫా మీదే పడుకోబోతోందని ఆమెకెలా తెలుస్తుంది? చివరికి వసంతకుమారి గారిని పట్టుకుంది.

"మీరు ధైర్యంగా ఉండండి లూసీ గారూ," అంది ఆవిడ పాయసం సంగతి ఆలోచిస్తూ. "మేమందరం ఉన్నాం కదా. పొద్దున అందరం అక్కడే ఉంటాం."

లూసీకి ఆ మాట చాలింది. తెల్లవారుజామున నాలుగింటి విమానానికి టికెట్ బుక్ చేసుకుంది.

ల్యాబ్‌లో రూతు పన్నెండు కుర్చీలు వేసింది. పన్నెండు ఫారాలు, పన్నెండు నారింజ రంగు తీపినీళ్ల సీసాలు, వరసగా గొట్టాలు సర్దింది. సర్దుతూ ఒకటే ఆలోచన. ఎవరైనా వస్తారా? తన కోసం ఎందుకు రావాలి? ఎవరి పుట్టినరోజుకీ ఆమె వెళ్లలేదు, ఎవరింట్లోనూ ప్లేటు కడగలేదు. ఏ పిల్లాడినీ ఎత్తుకుని ముద్దు చేయలేదు. ఆరుగురు వచ్చినా చాలు, నలుగురైనా ఫరవాలేదు అనుకుంది. ఒక్కరూ రాకపోతే ప్రొఫెసర్‌కి ఏం చెప్పాలో అట్టముక్క మీద రాసుకుని జేబులో పెట్టుకుంది.

శనివారం ఎనిమిదికి పావుగంట ముందు కింద నుంచి పాట వినిపించింది. తెలుగు పాట. రూతు మూడో అంతస్తు కిటికీలోంచి చూసింది. చీరల మీద ఓవర్‌కోట్లు, కోట్ల మీద మఫ్లర్లు, చేతుల్లో పాటల పుస్తకాలు. నలభై ఒక్క మంది పాడుతూ బిల్డింగ్ చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు. వెనకాల నలుగురు మగవాళ్లు పెద్ద డేగిసా మోసుకొస్తున్నారు. గార్డు రెండు చేతులూ చాపి ఆపబోయి, బిర్యానీ దారికి అడ్డం నిలబడటం మంచిది కాదని పక్కకి తప్పుకున్నాడు. సమ్మె మొదలైందని పైకి ఫోన్ చేశాడు.

"పన్నెండు అన్నాను కదా?" అంది కిటికీ దగ్గరికి వచ్చిన డాక్టర్ బ్రాంట్.

"కొంచెం... ఎక్కువైంది," అంది రూతు. ఆమెకి ఏడవాలనిపించింది. భయంతో కాదు. నలుగురొస్తే చాలనుకున్న చోట నలభై మంది వచ్చారు.

అందరూ పైకొచ్చారు. కుర్చీల జోలికి ఎవరూ పోలేదు. బూట్లు విప్పి గోడవారన పెట్టి, దుప్పట్లు పరిచి, మోకాళ్ల మీద కూర్చున్నారు. రూతు నోరు తెరిచేలోగా దైవాశీర్వాదం గారు కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. "ప్రభువా! ఈ చిన్నబిడ్డకి ఉత్తరం రాయను అంటున్న ఈ ప్రొఫెసరమ్మ కఠిన హృదయాన్ని వెన్నలా కరిగించు తండ్రీ!" అన్నాడు. నలభై గొంతులు ఆమేన్ అన్నాయి. కొందరు ఆడవాళ్లు అప్పటికే కొంగు కళ్లకి ఒత్తుకుంటున్నారు.

"ఏమంటున్నాడు ఆయన?" అని అడిగింది బ్రాంట్.

"మిమ్మల్ని... బ్లెస్ చేస్తున్నారు."

"చాలా గట్టిగా చేస్తున్నాడు."

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని చేతిలో పెట్టెతో లూసీ వచ్చింది. చూసింది. ఆసుపత్రి వాసన, మోకాళ్ల మీద చర్చి అంతా, ఏడుస్తున్న ఆడవాళ్లు. పెట్టె కింద పడింది.

"నా బిడ్డ ఏదీ? నా బిడ్డని ఏ గదిలో పెట్టారు?"

"అమ్మా!" తెల్లకోటు వేసుకుని ట్రే పట్టుకుని నిలబడిన రూతు అరిచింది. "అమ్మా, నేను ఇక్కడే ఉన్నా."

లూసీ ఆ కోటు వంకా ఆ మొహం వంకా రెండుసార్లు చూసింది. ఒక్క అంగలో వచ్చి కూతురి నుదురు, మెడ, చేతులు తడిమింది. "ఏమైందే నీకు? ఏం రోగమే తల్లీ?"

"ఏం లేదు. ఐ యామ్ ఫైన్."

"ఏం లేకపోతే వీళ్లంతా ఎందుకేడుస్తున్నారు?"

 ఎనిమిది నెలలైంది అమ్మ చెయ్యి తగిలి. ట్రే పక్కన పెట్టి ఆమె కూడా ఏడ్చింది. దాంతో మిగిలిన ఆడవాళ్లకి ఏ అనుమానమూ లేకుండా పోయింది. ఏడుపు గది అంతా అందుకుంది.

ఇక ఆలస్యం చేస్తే ఎవరో ఒకరు పాయసం గిన్నె తెరుస్తారు. రూతు ముక్కు తుడుచుకుని, జేబులోంచి మూడో కార్డు తీసి, దాన్ని చదవకుండా మళ్లీ జేబులోనే పెట్టుకుంది.

"అంకుల్, ఆంటీ, అందరూ వినండి ప్లీజ్. ఇది ప్రేయర్ కాదు. ఇది టెస్ట్. నాకు మీ రక్తం కావాలి."



"రక్తమా?" అన్నాడు దైవాశీర్వాదం గారు లేచి నిలబడుతూ. "ప్రార్థనన్నావు కదమ్మా?"

"నేను అనలేదు అంకుల్."

"తిండి మానేసి రమ్మంటే ఇంకేమనుకుంటారమ్మా ఎవరైనా? నీళ్లు తాగొచ్చని కూడా చెప్పావే! అంత వివరంగా మా పాస్టర్‌గారు కూడా చెప్పరు."

"సారీ అంకుల్. చెప్పాలనుకున్నా. మీరు ఆపేశారు. నేను మళ్లీ కాల్ చెయ్యలేకపోయా. నాకు కాల్ చెయ్యాలంటే భయం." రూతు ఒక్కొక్కరి వంకా చూసింది. "త్రీ ఇయర్స్‌గా లాస్ట్ రోలో కూర్చుంటున్నా. మీరు ఎవరూ రారు అనుకున్నా. మీరు వెళ్లిపోతే ఓకే. కానీ ఉంటే, నాకు చాలా హెల్ప్."

 వసంతకుమారి గారు మొగుడి వంక చూసింది. దైవాశీర్వాదం గారు కోటు విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నన్నే మొదట పొడువమ్మా. యాభై ఆరేళ్లొచ్చాయి, ఇప్పటిదాకా డాక్టర్ మొహం చూడలేదు. మనది ఉక్కు శరీరం."

ఆయన ముందుకొచ్చాక వెనకపడటం ఎవరికీ మర్యాదగా లేదు. నలభై ఒక్క మంది వరస కట్టారు. తీపినీళ్లు తాగించేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే గనుక మొదట అందరి వేలి చివరా చుక్క రక్తం తీసి యంత్రానికి ఇవ్వాలి. నిమిషానికో అంకె వస్తుంది. రూతు వేలు పట్టుకుంటోంది, పొడుస్తోంది, దూది అద్దుతోంది. ప్రతి వేలి వెనకా ఒక మనిషి, ప్రతి మనిషికీ ఒక ప్రశ్న. "నొప్పి పుడుతుందా?" "మా అమ్మాయి కూడా ఇలాంటి ఉద్యోగం చేయొచ్చా?" "ఒక్కదానివే ఉంటున్నావా అమ్మా? వంట చేసుకుంటున్నావా?" ఆఖరి ప్రశ్న పదిహేను మంది అడిగారు. ఇన్నాళ్లూ సీటు తప్ప ఇంకేం అడగని మనుషులే. వేలు చేతిలో ఉంటే ప్రశ్న మారిపోతుందని రూతుకి అప్పుడే తెలిసింది.

దైవాశీర్వాదం గారి అంకె రెండు వందల పన్నెండు.

రూతు యంత్రాన్ని మళ్లీ నడిపింది. రెండు వందల పది. ఆయన్ని మెల్లగా ఫ్రీజర్ల గదిలోకి తీసుకెళ్లి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఈ సంగతి ఎలా చెప్పాలో ఆమె దగ్గర ఏ కార్డు మీదా రాసి లేదు.

"అంకుల్, మీకు షుగర్ ఉన్నట్టుంది."

"మిషన్ తప్పు," అన్నాడాయన వెంటనే.

"టూ టైమ్స్ చూశా."

ఆ పెద్ద గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఆయన వేలికున్న దూది వంక చూస్తూ కూర్చున్నాడు. "మా నాన్నకి ఉండేదమ్మా," అన్నాడు చివరికి. "కాలు తీసేశారు. అందుకే నేను ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్తే చెప్తారని."

రూతు ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఆమెకి బాగా తెలిసిన విద్య. కానీ ఈసారి అలా కూర్చుంటే ఎదుటి మనిషికి తోడుగా ఉందని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. కాసేపయ్యాక చెప్పింది. ఇప్పుడు తెలిసింది కాబట్టి కాలు పోదని, ముందే తెలియడం మంచిదని, సోమవారం ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో తాను ఫోన్ చేసి కనుక్కుంటానని. ఫోన్ చేస్తానని తానే అన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"వసంతకి చెప్పబాక."

"ఎవరికీ చెప్పను అంకుల్. మీరే చెప్పండి."

ఆయన తల ఊపాడు. తలెత్తిన రూతుకి గుమ్మంలో డాక్టర్ బ్రాంట్ కనిపించింది. ఆవిడకి ఒక్క ముక్క తెలుగు రాదు. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

ఆ పూట మొత్తం పదకొండు మందికి షుగర్ తేలింది. పదకొండు సార్లు ఫ్రీజర్ల గదిలో స్టూలు, పదకొండు సార్లు "ఎవరికీ చెప్పబాక అమ్మా". ప్రతివాళ్లూ ఆ గదిలోంచి తమ ఒక్కరికే వచ్చిందన్న మొహంతో బయటికొచ్చారు. వసంతకుమారి గారు కూడా. "మా ఆయనకి మటుకు తెలియనివ్వకు, బెంగ పెట్టుకుంటాడు," అంది ఆవిడ.

మిగిలినవాళ్లలో పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి తీపినీళ్లు తాగించారు. అరగంటకోసారి నర్సు వచ్చి చేతి నరం నుంచి రక్తం తీస్తుంది. రెండు గంటలు ఏమీ తినకూడదు. ఒక్కళ్లు ఒక్క బజ్జీ తిన్నా లెక్క పాడైపోతుంది. లెక్క పాడైతే ఉత్తరం లేదు.

పదింటికి బిర్యానీ మూత లేచింది.

తప్పు వసంతకుమారి గారిది కాదు. రాత్రి నుంచి పస్తున్న నలభై మందిని చూస్తూ ఊరుకోవడం ఆవిడ ప్రాణానికి చేతకాదు. ఏలకులు, పుదీనా, వేయించిన ఉల్లిపాయల వాసన ల్యాబ్ దాటి కారిడార్ పట్టింది. కుర్చీల్లోని పన్నెండు మందీ ఒకేసారి తలతిప్పారు. వాళ్లలో నలుగురు లేచి నిలబడ్డారు. షుగరున్న పదకొండు మందిలో తొమ్మిది మంది అప్పటికే పాయసం గిన్నె దగ్గరున్నారు. ఉక్కు శరీరం అందరికన్నా ముందుంది, చేతిలో గరిటెతో. లూసీ ప్లేట్లు పంచుతోంది. తల్లి కదా, పాపం, అందరికీ ఆకలేస్తుందని.

"ఆంటీ! మూత పెట్టండి!"

తన గొంతు అంత పెద్దదని రూతుకి తెలియదు. ఆ గదిలో ఎవరికీ తెలియదు. వసంతకుమారి గారు ఉలిక్కిపడి మూత పెట్టేసింది. రూతు వెళ్లి డేగిసాకీ జనానికీ మధ్య నిలబడి రెండు చేతులూ చాపింది.

"లేచినవాళ్లు కూర్చోండి. ఇంకా నైంటీ మినిట్స్. అమ్మా, ప్లేట్స్ కింద పెట్టు. పాయసం దగ్గర ఉన్నవాళ్లు నా వైపు చూడండి." చూశారు. తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే చూసింది. ఒక్కరి పేరూ పైకి అనలేదు. గరిటె గిన్నెలోకి జారిపోయింది. "ఎవరు ఏం తినాలో నేను చెప్తా. ఒక్కొక్కరికి నేనే పెడతా. నాకు మీరందరూ కావాలి. ఇవాళ ఒక్కరోజుకి కాదు."

ఆఖరి మాట నోరు జారి వచ్చింది. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆమెకనిపించలేదు. నలభై ఒక్క మంది ఆకలిగొన్న ఆంధ్రులు బిర్యానీ ముందు తొంభై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఒకాయన పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. పదకొండున్నరకి రూతు తానే గరిటె పట్టుకుని వడ్డించింది. కొందరి ప్లేట్లలో అన్నం తక్కువ, కూర ఎక్కువ పడింది, పాయసం అసలే పడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. డాక్టర్ బ్రాంట్ రెండుసార్లు పెట్టించుకుంది. కారానికి కళ్లనీళ్లు కారుతుంటే ఆవిడ హృదయం కరిగిందని దైవాశీర్వాదం గారు పక్కవాళ్లకి చెప్పాడు.

సోమవారం బ్రాంట్ రాసిన ఉత్తరంలో గొట్టాల ఊసే లేదు. ఒక పేజీయే ఉంది. అందులో ఇలా ఉంది: "ఈ అమ్మాయి మనుషులతో మాట్లాడలేదని అంతకుముందు మీలో కొందరు అనుకున్నారు. ఆకలితో ఉన్న నలభై మందికీ అన్నానికీ మధ్య ఆమె నిలబడటం నేను చూశాను. భయపడిన మనిషి ముందు తొందర లేకుండా కూర్చోవడం కూడా చూశాను. మొదటిది మేము నేర్పలేము. రెండోది నేర్పాలని ముప్పై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాము."

ఆ చలికాలమంతా రూతు ఆదివారాలు మూడో వరుసలో కూర్చుంది. వారం మధ్యలో ఎవరో ఒకరు రైల్వేస్టేషన్‌కి కారు తెచ్చి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు, ఎవరో ఒకరు గుట్టుగా చీటీ మీద రాసుకున్న అంకె చూపించి "ఇది తగ్గినట్టా, పెరిగినట్టా?" అని అడిగేవాళ్లు. సాయంత్రం పూట మాటలు లెక్కపెట్టుకుందామన్నా లెక్క తప్పిపోయేది. తానూ ఒక ఊరి మనిషినయ్యానని ఆమెకి మొదటిసారి అనిపించింది.

మార్చిలో సీటొచ్చింది. నెబ్రాస్కాలో. అడిగిన పదకొండు చోట్లలో అదొక్కటే. కాలేజీ మంచిదే, కానీ ఆ ఊరి చుట్టుపక్కల రెండొందల మైళ్లలో తెలుగు చర్చి లేదు. రూతు మ్యాప్ పరుచుకుని వేలితో దూరం కొలిచింది. ఇంతమందిని సంపాదించుకున్నది విడిచిపోవడానికేనా అని ఆ మ్యాప్ మీదే కాసేపు ఏడ్చింది. వెళ్లను అని ఒక్కసారి కూడా అనుకోలేదు. కొత్త చోట మొదటి రోజే ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక దైవాశీర్వాదం గారు లేచి, ఇదంతా ఆ శనివారం చేసిన ఉపవాస ప్రార్థన ఫలమేనని ప్రకటించాడు. ఉత్తరం సంగతి ఎవరికీ గుర్తు లేదు. "అంత దూరంలో మన బిడ్డ ఒంటరిగా ఉండబోతోంది," అన్నాడు ఆయన, గొంతు పార్కింగ్ దాకా వినిపించేలా. "అక్కడ ఆమెకి నలుగురు తెలుగువాళ్లు దొరకాలని వచ్చే శనివారం ఇంకో ఉపవాస ప్రార్థన పెడదాం. పేర్లివ్వండి."

నలభై ఒక్క చేతులూ లేచాయి. మూడో వరుసలోంచి రూతు లేచి నిలబడింది. ఎవరి మొహం వంకా చూడలేదు.

"థాంక్యూ అంకుల్. కానీ షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసం ఉండకూడదు."

వచ్చే శనివారం తమకి వేరే పనులున్నాయని పదకొండు మందికి ఒక్కసారిగా గుర్తొచ్చింది.